ఎవరి పేరున?

"ఆ గడి తీసేయండి పిన్నిగారూ" అంది కొరీనా, కోటైనా విప్పకుండా.

"తీయను" అంది దొమ్నీకా, గరిటె ఆపకుండా.

గలాట్స్ ఊళ్లో కొలీవా చెయ్యడానికి దొమ్నీకా పెట్టింది పేరు. చనిపోయినవారి పేర చర్చిలో దీవించి పంచే తీపి గోధుమలవి. గోధుమల్ని తొమ్మిది నీళ్లలో కడిగి, ఉడికించి, అక్రోట్లు కలిపి, పైన పంచదార పరిచి శిలువ దిద్దుతుంది. ఈమధ్య ఊరి చివర ఒక కంపెనీ వెలిసింది. ఫోన్లో రెండు నొక్కులు నొక్కితే చాలు, కొలీవా ప్లాస్టిక్ డబ్బాలో గుమ్మం ముందుంటుంది. చలికాలంలోగా బేరాలు పెరక్కపోతే దొమ్నీకా పొయ్యి ఆర్పేసుకోవాల్సిందే. అందుకే వెబ్‌సైట్లు బాగుచేసే కొరీనాను పిలిపించుకుంది.

మూడు వారాల్లో కొరీనా సైటు రూపే మార్చేసింది. తెరవగానే మోగే గంటల పాట తీసేసింది. సూర్యాస్తమయం బొమ్మ పీకేసి, దొమ్నీకా చేతి పళ్లెం ఫోటో పెట్టింది. ఎక్కడో అడుగున దాక్కున్న ఫోన్ నంబరును పేజీ నెత్తికెక్కించింది. ఇప్పుడు వచ్చినవాళ్లు కాసేపు నిలబడి చూస్తున్నారు. కొందరు కొంటున్నారు కూడా.

మిగిలింది ఆ ఒక్క గడి. 'ఎవరి పేరున?' అని అడుగుతుంది. పేరు రాయందే ఆర్డరు ముందుకు పోదు.

కొరీనా ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పింది. "ఇదిగో, మీరే చూడండి. ఒకావిడ రోజూ వస్తోంది. పెద్ద పళ్లెం ఎంచుకుంటుంది, శనివారం అని రాస్తుంది, చిరునామా ఇస్తుంది. సరిగ్గా ఈ గడి దగ్గర ఆగి వెళ్లిపోతుంది. ఇప్పటికి పదిహేడు సార్లు! చేతికొచ్చిన బేరాన్ని గుమ్మంలోంచి తరిమేస్తున్నారు మీరు."

"ఆడమనిషని నీకెలా తెలుసు?"

"కొలీవా కావాలని వచ్చేది ఎప్పుడూ ఆడవాళ్లేగా!"

దొమ్నీకా నవ్వింది. "పేరు లేకపోతే అది కొలీవా ఎందుకవుతుందే? గోధుమ పాయసం అవుతుంది. కలిపేటప్పుడు ఒక్కో పేరూ పైకి చదువుతాను నేను. 'పెద్ద పళ్లెం, శనివారం' అని చదవమంటావా దేవుడి ముందు?"

"కంపెనీవాళ్లు పేరు అడగరు."

"అడగరు. అందుకే డబ్బాల్లో కుక్కి పంపుతారు. నా పొయ్యి ఆరిపోతే ఆరిపోనీ. పేరు లేని గిన్నె మాత్రం దానిమీద ఎక్కదు."

"మొండితనం మీకు కూడు పెట్టదు."

"నీకు పెడుతోందా?"

కొరీనా ముఖం ఎర్రబడింది. "సైటు తాళాలన్నీ నా దగ్గరే ఉన్నాయి. ఒక్క నొక్కుతో తీసేస్తే ఏం చేస్తారు?"

"మళ్లీ పెట్టించుకుంటా. నువ్వు కాకపోతే ఇంకొకరు."

"ఒక పేరు రాయడం ఎంత కష్టమో మీకేం తెలుసు? అసలే దుఃఖంలో ఉన్నవాళ్లకు పరీక్ష పెడతారా? రాయకపోతే దేవుడికి తెలియదా ఆ పేరు?"

దొమ్నీకా గరిటె పక్కన పెట్టింది.

"ఆయనకెందుకు తెలియదు అమ్మాయ్? దేవుడి కోసం అడుగుతున్నానని ఎవరన్నారు?" చేతులు తుడుచుకుంటూ అంది. "రాసినంత మాత్రాన ఎవరూ చచ్చిపోరు. రాయనంత మాత్రాన ఎవరూ తిరిగి రారు. ఆవిడకు నీ సైటులోనే ఎలాగో కబురు చెప్పు. రేపు పొద్దున్నే గోధుమలు కడుగుతాను. అందాకా ఎదురు చూస్తాను. గడి మాత్రం తీయను."

"తీయకండి! ఆ గడినే కట్టుకుని కూర్చోండి!"

కొరీనా ల్యాప్‌టాప్ టప్పున మూసి, తలుపు దభీమని వేసి బయటికి నడిచింది.

ట్రామ్ స్టాప్‌లో సన్నటి వానలో నిలబడి ఆమె ఫోన్ తీసి, పద్దెనిమిదోసారి ఆ పేజీ తెరిచి, పెద్ద పళ్లెం ఎంచుకుని, శనివారం అని రాసి, 'ఎవరి పేరున?' అన్న గడిలో మొదటిసారిగా తన మొగుడి పేరు రాసింది.