పారిష్ కానిస్టేబులు

ఎవరిని కొట్టాలి, అని ఊరి సభలో కూర్చున్న యూవెన్ చుట్టూ చూశాడు. ముసలి మెక్‌రేని కొడితే చచ్చిపోతాడు. పాదిరిని కొడితే పాపం. అయినా ఎవరో ఒకరిని కొట్టి తీరాలి, పేర్లు పిలవకముందే. సభలో దొమ్మీ చేసినవాణ్ణి పారిష్ కానిస్టేబులుగా, అంటే ఊరి పోలీసుగా, ఎన్నుకోరు. ఎన్నుకుంటే మాత్రం కాదనడానికి చట్టం ఒప్పుకోదు. వారెంటు పట్టుకుని అడవిలోకి వెళ్ళి, అక్కడ దాక్కున్న తమ్ముడు లక్లన్‌ని తానే కట్టి తేవాలి.

"కానిస్టేబులుగా యూవెన్ పేరు చెబుతున్నా," అన్నాడు డూగల్ నవ్వుతూ. పొలం హద్దు తగాదాలో లక్లన్ కంచె గుంజతో కన్ను పోగొట్టింది డూగల్ వాళ్ళ అన్నకే. "తమ్ముడు ఏ పొదలో దూరాడో అన్నకి తెలీదా? ఏరా, నోరు పెగలట్లేదా?"

యూవెన్ లేచి గుద్దాడు. ముక్కెముక విరగడం పిడికిలికి తెలిసింది. రెండో దెబ్బ అక్కర్లేదు, అయినా కొట్టాడు. మూడోదానికి హాయిగా అనిపించింది. ఆ హాయికే భయం వేసింది. ఎవరో బెంచీ ఎత్తి వీపున బాదారు. నేలమీద నెత్తుట్లో రెండు పళ్ళు పడ్డాయి, ఎవరివో. నలుగురు కలిసి అతన్ని గోడకి అదిమారు.

"వీడా కానిస్టేబులు?" అధ్యక్షుడు పర్డీ బల్ల చరిచాడు. "పేరు కొట్టెయ్యండి. ఇంకెవరు?"

"నేనుంటా." డూగల్ గడ్డం నిండా నెత్తురు. "ఆ లక్లన్‌గాడు ఎదురు తిరిగితే కాల్చొచ్చుగా, దొరా?"

"తిరిగితేనే."

చేతులు ఒక్కొక్కటే లేచాయి. పర్డీ వారెంటూ, తాడూ బల్లమీద పెట్టాడు. డూగల్ మూలనున్న తుపాకీ అందుకున్నాడు.

అంతలో తలుపు తోసుకుని, భుజాల మీద మంచుతో, లక్లన్ లోపలికొచ్చాడు.

"అన్నా, ఇవాళ నిన్నే కానిస్టేబుల్ని చేస్తారని మిల్లు దగ్గర అనుకుంటున్నారు. ఇంకెవడి చేతికో చిక్కేకంటే నీకే లొంగిపోదామని వచ్చేశా." అప్పుడు చూశాడు, అన్న చిట్లిన పెదవిని, అదిమిన చేతుల్ని. "ఎవడ్రా మా అన్నని కొట్టింది?"

లక్లన్ పిడికిళ్ళు బిగించాడు. డూగల్ తుపాకీ పైకెత్తాడు. విరిగిన ముక్కు కింద చిన్న నవ్వు.

యూవెన్ నలుగురినీ విదిలించుకుని, బల్లమీది తాడు లాక్కుని, తమ్ముడి చేతులు తానే కట్టేశాడు.