దొరగారి చేప

రేవులో శిలాఫలకం సిద్ధమైంది. "దొరగారి సేవలకు గుర్తుగా రేవు ప్రజలు ఈ చేపకు ఆయన పేరు పెట్టుకున్నారు" అని దాని మీద బంగారు రంగు అక్షరాలు. ఆ వాక్యం రాసింది దొరగారే.

రేవు ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి ఆయన. కుర్చీతో పాటే పలకరింపులూ పోయాయి. ఎదురొస్తే దండం పెట్టినవాళ్లు ఇప్పుడు పక్క సందులోంచి వెళ్తున్నారు. ఆ దిగులులో ఆయనకు మిగిలింది చేప ఒక్కటే. పొద్దున్నే వేలంలో "దొరగారు! తాజా దొరగారు!" అని కేక వినబడితే ప్రాణం లేచొచ్చేది.

చేపా తనలాంటిదేనని మురిసిపోయేవారు. నెత్తిన కిరీటంలా అతుక్కునే పట్టు. ఒంటరిగా ఈదదు. ఏ సొరచేప పొట్టకో అతుక్కుని సముద్రమంతా తిరిగొస్తుంది. అది తినగా రాలిందే దీనికి భోజనం. ఆయనా ఐదుగురు డైరెక్టర్ల వెనక తిరిగారు, వాళ్ల సంచులు మోశారు, వాళ్ల విందుల్లో చివరి కుర్చీలో కూర్చున్నారు. పెద్దల సహవాసం అనేవారు దాన్ని.

ఈ రేవులోనే పుట్టి పెరిగి, చేపల వేలం పాడే బావమరిది మాత్రం మొదట్నుంచీ వద్దంటూనే ఉన్నాడు.

"బావగారూ, రాయి మీద చెక్కితే మళ్లీ చెరపలేం. మానేద్దురూ!"

"నీకు కుళ్లురా! మొదటి రోజు డైరెక్టరుగారికి గొడుగు పడుతూ జీపు దిగానో లేదో, రేవంతా నవ్వుతూ 'దొరగారొచ్చారు' అంది. మర్నాడే వేలంలో చేప పేరూ విన్నాను. ఒక్క రోజులో చేపకు పేరు పెట్టేంత అభిమానం ఇంకెవరి మీదుంది?"

బావమరిది వేలానికి వెళ్లిపోయాడు.

ఆవిష్కరణకు జనం విరగబడ్డారు. ఆడవాళ్లు మూతులకు చెంగులు అడ్డం పెట్టుకున్నారు. పడవల మీది మగవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. ఇంతమంది తనకోసం వచ్చారని దొరగారి కళ్లు చెమర్చాయి. పరదా తాడు అందుకున్నారు.

ఆ కన్నీళ్లు చూసి బావమరిది ఇక ఆగలేకపోయాడు. గబగబా వెళ్లి ఆ చెయ్యి పట్టుకుని చెవిలో చెప్పాడు.

"బావగారూ, ఆ చేపకు మా తాతల నాటి నుంచీ అదే పేరు, మీరు జీపు దిగిన రోజు మేం పేరు పెట్టింది మీకు."