కుట్టుమిషన్ ముందు

"మీ ఆయన వస్తువేదైనా ఎదురుగా పెట్టుకుని, ఇన్నేళ్లూ దిగమింగుకున్నవన్నీ అనేయండమ్మా. మనసు తేలికపడుతుంది," అంది మనసు డాక్టరు.

ఆ రాత్రి ముసలామె లైటు ఆర్పి, పోయిన మొగుడి కుట్టుమిషన్ ముందు కూర్చుంది. దాని బెల్టు తెగి ఏడాదైంది. బతికున్నన్నాళ్లూ ఆమె నోరు విప్పితే చాలు, ఆ దర్జీ మహానుభావుడు మాట వినపడకుండా మిషన్ తొక్కేవాడు. ఆమె తల్లి పోయిన రోజు కూడా అంతే.

వీధిలో అలికిడి లేదు. ఆమె మిషన్ వైపు వంగింది.

"మా అమ్మ పోయిందని చెప్పడానికొస్తే..."

చీకట్లో పెడలు కిర్రుమంది. బెల్టు లేని చక్రం టకటకా తిరిగింది.

ఆమె మాట ఆపింది. మిషనూ ఆగింది.

"ఈసారి మీరు వినాల్సిందే," అంటూ ఆమె గొంతు పెంచింది.

మిషన్ అంతకన్నా వేగం పెంచింది.