నిట్టాటికి ఒక చెట్టు

సోంబరు ఇంటి నిట్టాటికి చెదలు పట్టింది.

ఇంటి కప్పునంతా మోసే గుంజ అది. గోటితో గీరితే పొడి రాలుతోంది. గట్టి వాన ఒక్కటి పడితే ఇల్లు కూలడం ఖాయం. లోపల భార్య గంగ నిండు చూలాలు.

చుట్టూ కావలసినంత అడవి. కానీ అది 1926. అడవి సర్కారుది. ఇంటికోసం అడక్కుండా చెట్టు కొట్టాడని కిందటేడు సోంబరు అన్నను జైల్లో పెట్టారు. మనిషి తిరిగి రాలేదు.

కొత్త ఫారెస్టు దొర ఆ రోజు అరకు బంగళాకి వస్తున్నాడని కబురొచ్చింది. వానలు మొదలైతే ఇక ఏ దొరా కొండెక్కడు.

"బేగి ఎల్లు. కాళ్లట్టుకునైనా సెట్టు అడుగు," అంది గంగ.

సోంబరు అడ్డదారిన పడ్డాడు.

వాగు పక్కన బండకు చేరగిలబడి ఒకాయన వణుకుతున్నాడు. మాసిన కంబళి, కాళ్లనిండా దుమ్ము. మైదానం నుంచి ఉప్పు అమ్ముకోవడానికి వచ్చినవాడేమో అనుకున్నాడు సోంబరు. కొత్తవాళ్లంటే మన్యం జ్వరానికి మహా ఇష్టం.

"కాస్త దాహం పోస్తావా, నాయనా?"

సోంబరు తన అంబలి ఆకుదొప్పలో పోసి, ఆయనకు అందేలా పెట్టి, వెనక్కి జరిగాడు.

"ఏ ఊరు మీది?" తాగి అడిగాడాయన.

సోంబరు ఇంకాస్త వెనక్కి జరిగాడు. జ్వరం పట్టినవాడికి ఊరూ ఇల్లూ చెప్పకూడదు. చెబితే జ్వరం ఆ దారినే ఇంటికొస్తుంది. తాతల నాటి కట్టుబాటు.

"నాకు ఊరు నేదు, బాబు."

"ఇల్లు?"

"ఇల్లూ నేదు."

"మరెందుకీ పరుగు? ఏదైనా కావాలంటే చెప్పు. నా చేతనైంది చేస్తాను."

వణుకు ఆపుకోలేనివాడు తనకేం చేస్తాడు! సోంబరుకు నవ్వొచ్చింది.

"నాకేటీ అక్కర్నేదు."

"పోనీ, చెయ్యందించు. నీతో పైదాకా నడుస్తాను."

సోంబరు తటపటాయించాడు. ఈయన్ని నడిపిస్తూ కూర్చుంటే అక్కడ దొర వెళ్లిపోతే?

"నువ్విక్కడే కూకో, బాబు. తిరిగొచ్చినప్పుడు తీసుకెల్తాను."

బంగళా దగ్గర జనం ఘాట్ రోడ్డు వైపే చూస్తున్నారు. దొర అంటే, తెల్లవాడైనా మనవాడైనా, డోలీలో వస్తాడు. కొండవాళ్లు వెట్టికి మోసుకురావాలి. ఎంతసేపు చూసినా డోలీ జాడ లేదు.

మధ్యాహ్నానికి వాన దంచికొట్టింది. జనం చెదిరిపోయారు. సోంబరు ఆశ అక్కడే చచ్చిపోయింది. ఇంట్లో ఉన్న గంగ తలపుకొచ్చింది. ఆ వెంటనే బండ దగ్గరి మనిషీ గుర్తొచ్చాడు. మాటిచ్చాను కదా అని పరుగెత్తాడు.

ఆయన కదలడం లేదు. ఒళ్లు చల్లబడిపోయింది.

ప్రాణం పోయాక జ్వరానికి దారి అడిగే నోరుండదు. సోంబరు ఆయన్ని భుజాన వేసుకుని బంగళాకి మోసుకొచ్చి, అరుగుమీద పడుకోబెట్టి కంబళి కప్పాడు. అనాథ శవాన్ని వాగు పాలు చెయ్యడానికి మనసొప్పలేదు.

అప్పుడే డోలీ మోసే పైడయ్య రోడ్డు మీదుగా వచ్చాడు, తలమీద పెట్టెతో.

"డోలీ ఏదిరా? దొరేడి?" అడిగాడు సోంబరు.

"డోలీ ఒద్దన్నాడు. మడిసి బుజాలమీద మడిసి కూకోడమేటన్నాడు. జరం కాస్తన్నా ఆగనేదు. వానల్లోగా ఇల్లు బాగుసేసుకునేవోళ్లందరికీ సెట్లివ్వాలని అడ్డదారిన ముందే..."

పైడయ్య అరుగుమీది కంబళి కాస్త తొలగించి చూశాడు.

"దొర ఈయనే, సోంబరూ."