ముంజేతి మచ్చలు

ఆఫ్రికా సవన్నాలో గడ్డి తగలబడిన మర్నాడు, మసిబారిన పుల్ల మీద ఒక నల్లటి గొల్లభామ ముళ్ల చేతులు జోడించుకుని కూర్చుంది. పక్కనే మిగిలిన ఒక్క పచ్చటి దుబ్బులో మిడత, దాని పిల్లలూ ఉంటున్నాయి. మిడత వెళ్లి తాబేలు పంతులుగారిని పిలుచుకొచ్చింది.

"పంతులుగారూ, ఇది మమ్మల్ని తింటుందా?"

"తొందరపడకమ్మా. ముందు ఏ జాతో తేలాలి. పచ్చవీ, గోధుమరంగువీ నాకు తెలుసు. నల్లది మన శాస్త్రంలోనే లేదే!"

"శాస్త్రం సంగతి తర్వాత. పిల్లల్ని తీసుకుని పొమ్మంటారా, ఉండమంటారా?"

"పేరైనా తెలియకుండా పారిపోతే నలుగురూ నవ్వరూ? జాతి గుర్తు దాని ముంజేతి లోపలి మచ్చల్లో ఉంటుంది. నా మెడ అంత ఎత్తుకి అందదు గానీ, నువ్వెళ్లి లెక్కపెట్టు."

గొల్లభామ ఎంతో మర్యాదగా చేతులు చాపింది. "రా వదినా, దగ్గరకొచ్చి చూడు."

మిడత వెళ్లి, "ఒకటి, రెండు..." అంది. మూడు వినబడలేదు.

"రెండు మచ్చల జాతి!" అని తాబేలు తృప్తిగా తలూపింది. అంతలోనే అనుమానమొచ్చి దుబ్బువైపు కేకేసింది. "ఒరే పిల్లలూ, ఒకరొచ్చి సరిచూడండర్రా!"

శాస్త్రం తెలియని పిల్లలు అప్పటికే పది గెంతుల దూరంలో ఉన్నాయి.