ఆరు గంటల ఎండ

పెరట్లో సున్నంతో గిరి గీసుకుని, అందులో పొద్దున్నుంచీ కదలకుండా నిలబడ్డ భర్తకి ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"వేర్లకి పొయ్యనా, నోట్లో పొయ్యనా?"

"నవ్వకు. ఏటేటా పూసే మొక్కకి రోజుకి ఆరు గంటల ఎండ కావాలన్నాడు నర్సరీ ఆయన. ఇక్కడ పడుతుందో లేదో చూసుకోవద్దూ?"

"మరి పడిందా?"

"ఇప్పటికి అయిదు గంటలు. ఇక్కణ్ణించి వంటింటి కిటికీ బాగా కనిపిస్తోందే." ఆయన గొంతు తగ్గింది. "పొద్దున్నుంచీ నువ్వొక్కసారైనా కూర్చోలేదేమిటి?"

"ముప్పై ఏళ్ళుగా అంతేగా!"

ఆయన గబగబా వెళ్ళి కుర్చీ తెచ్చి గిరిలో వేశాడు.

"మిగతా గంటా మొక్కవి నువ్వే. కూర్చో. వంటింట్లో నేనుంటా."

ఆమె కూర్చుని, చెంబు ఆయన చేతికిచ్చింది.

"ఈ మొక్కకి నీళ్ళు చాలవు. కాఫీ పొయ్యాలి."