కందుల కుండ వైపు

దూలానికి వేలాడుతున్న పెట్టె మెల్లగా తిరిగింది. కిటికీని దాటింది. పక్కనున్న కందుల కుండ వైపు ముఖం పెట్టి ఆగిపోయింది.

"శోభక్కా, నీ ఇంట్ల దయ్యం గిట్ల ఉన్నదా?" అన్నాడు కమలాకర్.

"ఉంటే కిరాయి వసూలు చేయకపోదునా?" అంది శోభ, చాయ్ పోస్తూ.

నలుగురు ఇంజనీరింగ్ పిల్లలు కలిసి చేసిన చిన్న ఉపగ్రహం అది. పైకి పోయాక తనంతట తానే తిరిగి భూమిని చూడాలి. లోపలున్న తీగచుట్టలకు కరెంటు అందితే అవి అయస్కాంతాలై పెట్టెను తిప్పుతాయి. ఇక్కడ కిటికీ వైపు తిరిగి నిలబడితే పాసైనట్టు. కాలేజీ గోడల నిండా ఇనుమే. అది పెట్టెను ఆగం చేస్తుంది. అందుకని తిరుమలగిరి అవతల మట్టిగోడల శోభ ఇంటిని వెతుక్కుంటూ వచ్చారు.

శోభ భర్త గిరి గొర్లమందతో కృష్ణ ఒడ్డుకు పోయి నెలలైంది. వానలు పడితేగానీ రాడు. ఫోన్ చేస్తే గొర్ల ముచ్చటే, వాటి జలుబుతో సహా. ఈ పిల్లలొచ్చాకే ఆ ఇంట్లో ఐదు గ్లాసులు కడగాల్సిన పని పడింది. పెట్టె పాసైతే మళ్లీ ఒక్క గ్లాసే.

అందుకే పాత రేడియోలోని అయస్కాంతాన్ని పీకి కందుల కుండలో దాచింది.

కొన్నాళ్లకు పిల్లలు పలచబడ్డారు. కమలాకర్ పోతూపోతూ ఆమె కాళ్లకు దండం కూడా పెట్టాడు. కొలువు దొరికిందేమో అనుకుంది. ఇప్పుడు ఆ నలుగురిలో నిరోష ఒక్కతే ఆదివారం బస్సుకు పెట్టె పట్టుకుని దిగుతోంది.

"ల్యాప్‌టాప్ తేలేదా?"

"ఎందుకక్కా, కంటికి కనబడతనే ఉంది గదా."

అన్నం తిని, తలకు నూనె పెట్టించుకుని, కళ్లు మూసుకుని కూర్చునేది.

"సెలవులకన్నా ఇంటికి పోవా?"

"ఎవరున్నరక్కా? హాస్టలే ఇల్లు."

ఆ మాటకు శోభ నూనె గిన్నెను పక్కన పెట్టేసింది. దిక్కులేని పిల్ల చదువును తీసుకుపోయి కందుల్లో పాతిపెట్టింది తను!

మరుసటి ఆదివారం పొద్దున్నే అయస్కాంతాన్ని బావిలో పడేసింది. కొడవలిని, గొడ్డలిని, ఆఖరికి అట్లపెనాన్ని కూడా వాకిట్లో పెట్టింది.

"ఇయ్యాల పాసైతది, చూడు" అంది నిరోషతో, నవ్వడానికి తంటాలు పడుతూ.

నిరోష దారాన్ని వేళ్లతో మెలితిప్పి వదిలింది. పెట్టె తిరిగింది. కిటికీని దాటింది. కుండ వైపు చూస్తూ ఆగింది.



"మళ్ల ఫెయిలే అక్కా. వచ్చే ఆదివారం గూడ రావాలె" అంది నిరోష. గొంతులో ఫికర్ లేదు. చేతులు కడుక్కోవడానికి బయటికి పోయింది.

తన పాపం ఏ మూలనైనా మిగిలిందేమోనని శోభ పెట్టె మూత తీసి చూస్తే, లోపల తీగచుట్టల్లేవు, బ్యాటరీ లేదు, పాత చున్నీపేలికలో చుట్టిన రెండు గులకరాళ్లున్నాయి.